లిథియం ఔషధం – దేహ గడియారం

మెదడులోని హైపోథాలమస్‌లో ఉండే సుప్రాకయాస్మాటిక్ కేంద్రకం సుమారు 24 గంటల ఆవర్తనంతో నిద్రను, దేహోష్ణతను, హార్మోన్ల స్రావాన్ని క్రమబద్ధం చేస్తుంది. బైపోలార్ రుగ్మతలో ఈ లయ చెదురుతుంది. ఉన్మాద దశలో నిద్ర అవసరమే లేదనిపిస్తుంది. కుంగుబాటు దశలో అతినిద్రో, నిద్రలేమో బాధిస్తుంది. ఒక్కోసారి నిద్ర కోల్పోవడమే ఉన్మాదానికి నాంది అవుతుంది. ఈ లయపై లిథియం ప్రభావాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లిథియం ఉన్మాదాన్ని శమింపజేస్తుందని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రకటించాడు. అది పనిచేసే తీరు ఆనాటికి తెలియదు. కణంలోని గడియార జన్యువులు కొన్ని ప్రోటీన్లను తయారుచేయిస్తాయి. అవి పేరుకున్నాక ఆ జన్యువులనే అణచివేస్తాయి. అవి నశించాక జన్యువులు మళ్లీ మేల్కొంటాయి. ఇదే దైనందిన చక్రం. ఆ ప్రోటీన్ల మనుగడను ప్రభావితం చేసే ఎంజైముల్లో జి.ఎస్.కె.-3 ఒకటి. లిథియం దీనిని నిరోధిస్తుంది. ప్రయోగశాల జంతువుల్లో లిథియం వల్ల చక్రం నిడివి పెరిగినట్లు, అంటే గడియారం నెమ్మదించినట్లు పరిశోధనలు చూపాయి. అయితే రోగి కోలుకోవడానికి ఇదొక్కటే కారణమనలేం. లిథియం ఇతర మార్గాల్లోనూ పనిచేస్తుంది.

నిద్ర కుదుటపడగానే వ్యాధి నయమైందని భావించి మందు మానేసేవారున్నారు. హఠాత్తుగా మానితే ఉన్మాదం తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. మోతాదు మించితే లిథియం విషమవుతుంది కనుక, చివరి మోతాదు తీసుకున్న 12 గంటలకు రక్తపరీక్ష చేస్తారు. మార్చాలన్నా, మానాలన్నా వైద్యుని పర్యవేక్షణ అవసరం. కుదుటపడిన ఆ నిద్ర చాలాసార్లు మందు నిలబెట్టినదే.