ఠావు, దస్తా, రీము: కాగితం కబుర్లు

కోనసీమలో గట్టుగట్టుకీ తాటిచెట్టు కనిపిస్తుంది. ఒకప్పుడు అదే మన కాగితం. మరీ లేతా ముదురూ కాని ఆకు ఏరి, ఈనె తీసి, ఉడకబెట్టి, ఆరబెట్టేవారు. గంటంతో గీసిన అక్షరం ముందు కంటికి ఆనదు. మసి పూసి తుడిచాక గీతలో నలుపు నిలిచి పైకి తేలుతుంది. దానపత్రం అన్నా, పెళ్లిపత్రిక అన్నా ఆ ఆకు పేరే ఇప్పటికీ పలుకుతున్నాం.

కాగితం అనే మాట పార్శీ నుంచి వచ్చింది. దస్తా కూడా అక్కడిదే: 24 ఠావులు. ఇరవై దస్తాలు, అంటే 480 ఠావులు, పాత లెక్కలో రీము. ఇప్పుడు రీముకి 500.

కోనసీమకి ఎగువన, రాజమండ్రిలో కాగితం మిల్లు 1924లో కర్నాటిక్ పేపర్ మిల్స్ పేరుతో మొదలై, తర్వాత ఆంధ్రా పేపర్ మిల్స్ అయింది. సరుగుడు, సుబాబుల్ కలప దానికి ముఖ్యమైన ముడిసరుకు. మన సముద్రపొడ్డున ఇసుకలో పెరిగే సరుగుడు చెట్టు పిల్లల నోటుపుస్తకం అవుతుందన్నమాట! స్వదేశీ కలంగా పేరుపడ్డ రత్నం పెన్ను పుట్టిందీ ఆ ఊళ్లోనే.

కట్ట మీద 80 జీఎస్ఎం అని రాసుంటే, చదరపు మీటరు కాగితం 80 గ్రాములు తూగుతుందని అర్థం. ఏ4 కాగితాలు పదహారు పరిస్తే చదరపు మీటరు. అంటే ఒక్కోటి 5 గ్రాములు, 500 కాగితాల రీము రెండున్నర కిలోలు. కట్టని కాటా మీద పెడితే నిజం తేలిపోతుంది.

బరువొక్కటే చూస్తే మాత్రం మోసపోతాం. సిరా పాకకుండా ఆపేది కాగితానికి పట్టించిన జిగురు. పంచెకి గంజి పెట్టినట్టే రాతకాగితానికీ గంజి పెడతారు. మేలురకం నీటిరంగుల కాగితానికైతే జెలటిన్. నేను కొనేముందు ఫౌంటెన్ పెన్నుతో ‘ఝ’ రాసి చూస్తాను. మలుపులన్నీ విడివిడిగా నిలిస్తే సరే. గీత అంచున నూగులా సిరా పాకినా, వెనకవైపు అక్షరం తేలినా ఆ కాగితం వద్దు. ఈ పరీక్ష వానాకాలంలోనే చెయ్యాలి. అమలాపురం గాలిలో చెమ్మకి ఆగిన కాగితం ఎక్కడైనా ఆగుతుంది.

బట్టకి ఉన్నట్టే కాగితానికీ పోగు ఉంటుంది. చిన్న ముక్కని ఒకవైపు తడిపితే గొట్టంలా చుట్టుకుంటుంది. గొట్టం పొడవు ఎటుంటే పోగు అటు. కుట్టు వెంబడి పోగు ఉన్న పుస్తకం హాయిగా విచ్చుకుంటుంది. అడ్డంగా ఉంటే చెమ్మకి కుట్టు దగ్గర పుటలు అలలు తేలతాయి.

దినపత్రికని రెండు రోజులు ఎండలో వదిలితే పచ్చబడుతుంది. కలపలోని లిగ్నిన్ చేసే పని అది. పత్తి కాగితంలో లిగ్నిన్ ఉండదు కాబట్టి, పదికాలాలు నిలవాల్సిన బొమ్మకి పత్తి కాగితం, అదీ ఆమ్లం లేనిది, ఎంచుకోవాలి. నీటిరంగులకి 300 జీఎస్ఎం అయితే తడికి పెద్దగా వంకర పోదు. గరుకు కాగితం గుంటల్లో రంగు నిలుస్తుంది. సన్నని గీతల పనికి నున్నటిదే మేలు.

చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) పేరిట రాజమండ్రిలో చిత్రశాల ఉంది. అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా బస్సెక్కితే ఎంతో దూరం కాదు. డ్రాయింగు నేర్చుకునే పిల్లల్ని ఒక్కసారి తీసుకెళ్లండి. నీటిరంగు బొమ్మ దగ్గర కాసేపు నిలబడి, రంగు ఎక్కడ ఆగిందో, తెల్లదనం ఎక్కడ వదిలారో చూడనివ్వండి. ఆ తెలుపు చాలాచోట్ల కాగితమే.