ఉప్పుగడ్డ వడగట్టిన వెలుగు

మచ్చలేని సైంధవ లవణపు గడ్డను సానబట్టి కిటికీకి ఎదురుగా పట్టుకుంటే అవతలి చెట్టు ఆకులతో సహా కనిపిస్తుంది. మామూలు వెలుగులో నాలుగైదు శాతాన్నే ఆ నున్నటి ముఖం వెనక్కి కొడుతుంది. అదే ముఖం మీద 51 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కిరణం పడితే దాదాపు 80 శాతం తిరిగొచ్చేస్తుంది. ఆ కిరణానికి ఉప్పుగడ్డ లోహపు అద్దమే.

ఉప్పులో సోడియం అయాన్లది ధనావేశం, క్లోరైడ్ అయాన్లది రుణావేశం. కిరణంలో అటూ ఇటూ ఊగే విద్యుత్ క్షేత్రం ఆ రెంటినీ ఎదురెదురు దిక్కులకు లాగుతుంది. ఆ లాగుడు వేగం అయాన్ల సహజ కంపన వేగాన్ని కాస్త దాటిందంటే, అవి క్షేత్రానికి ఎదురు తిరిగి ఊగుతూ కిరణాన్ని లోపలికి రానివ్వవు. లోహాల్లో ఈ పని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లది. పరారుణం పొడవునా అవి చేస్తూనే ఉంటాయి. ఖనిజం మాత్రం తనవైన కొద్దిపాటి పట్టీల్లోనే చేస్తుంది. పలుగురాయికి ఆ పట్టీలు 9, 21 మైక్రాన్ల దగ్గర ఉంటాయి, ఫ్లోరైట్‌కు 24 దగ్గర మొదలవుతాయి.

ఈ గుణంతోనే 1897లో బెర్లిన్‌లో హైన్రిష్ రూబెన్స్, అమెరికా నుంచి వచ్చిన ఎర్నెస్ట్ ఫాక్స్ నికల్స్ ఒక పరికరం కట్టారు. చూడ్డానికి చాలా సాదాసీదాది. ఒకవైపు వేడి దీపం, మధ్యలో ఒకే ఖనిజపు సానబట్టిన పలకలు కొన్ని, చివర వేడిని పసిగట్టే థర్మోపైల్, దానికి తగిలించిన గాల్వనోమీటర్. దీపపు వెలుగు పలక నుంచి పలకకు తగులుతూ వెళ్తుంది. బియ్యాన్ని చేటలో మళ్లీ మళ్లీ చెరిగినట్టే ఇదీ. ఉప్పు పలకలు నాలుగైతే, 51 మైక్రాన్ల కిరణం నాలుగు దెబ్బల తర్వాత కూడా 40 శాతం మిగులుతుంది. ఒక్కో దెబ్బకు 5 శాతమే తిరిగొచ్చే కిరణం పది లక్షల్లో ఆరు పాళ్లకు పడిపోతుంది. చివరికి చేరేవి ‘మిగులు కిరణాలు’. అంత పొడవైన ఉష్ణ కిరణాలను విడిగా పట్టుకోవడానికి అప్పట్లో పట్టకాలు పనికిరాలేదు, ఎందుకంటే అక్కడ పట్టకపు పదార్థమే కిరణాన్ని మింగేస్తుంది.

1900లో రూబెన్స్, ఫెర్డినాండ్ కుర్ల్‌బౌమ్ ఈ పరికరాన్ని నల్లటి వస్తువు వెదజల్లే వేడి వైపు తిప్పారు. ద్రవరూప గాలి చలి నుంచి 1500 డిగ్రీల సెల్సియస్ దాకా కొలిచారు. అప్పటికి చలామణీలో ఉన్న వీన్ వికిరణ సూత్రం ప్రకారం, ఉష్ణోగ్రత పెంచుకుంటూ పోతే 51 మైక్రాన్ల దగ్గర వికిరణం ఒక హద్దు దగ్గర ఆగాలి. ఆగలేదు. ఉష్ణోగ్రతతో పాటే తిన్నగా పెరిగింది.

అక్టోబరు 7, ఆదివారం రూబెన్స్ దంపతులు భౌతికశాస్త్రవేత్త మాక్స్ ప్లాంక్ ఇంటికి వెళ్లారు. మాటల్లో రూబెన్స్ ఈ సంగతి చెప్పాడు. ఆ సాయంత్రమే ప్లాంక్ కొత్త సూత్రం రాసి పోస్టుకార్డు మీద ఆయనకు పంపాడు. అక్టోబరు 19న అది జర్మన్ భౌతికశాస్త్ర సంఘం ముందుకొచ్చింది. దానికి అర్థం వెతుకుతూ ప్లాంక్ డిసెంబరు 14న శక్తిని ముక్కలుగా లెక్కించక తప్పలేదు. క్వాంటం అలా పుట్టింది. రూబెన్స్ లేకపోతే ఆ పునాది మరో దారిలో, బహుశా జర్మనీలో కాకుండా మరెక్కడో పడేదని ప్లాంకే తర్వాత ఒప్పుకున్నాడు. మన పాఠ్యపుస్తకాల్లో ప్లాంక్ బొమ్మ ఉంటుంది. పక్కనే ఆ ఉప్పు పలకల బొమ్మ కూడా ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఖనిజాల పట్టీల సంగతికి తిరిగొస్తే, స్ఫటికంలోని ఏ కంపనాలు పరారుణాన్ని అందుకుంటాయో దాని సౌష్ఠవాన్ని బట్టి లెక్కగట్టే పద్ధతిని వాల్తేరులో భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం, వెంకటరాయుడు గారితో కలిసి విస్తరించారు. వారి పుస్తకాన్ని ఆంధ్ర విశ్వకళాపరిషత్తే అచ్చువేసింది.

ఖనిజం ఏ తరంగదైర్ఘ్యం దగ్గర బాగా పరావర్తనం చేస్తుందో, వేడెక్కినప్పుడు అక్కడే తక్కువ వికిరణం వదులుతుంది. కాబట్టి ఆ వికిరణంలోని లోట్లే రాయి ఆనవాళ్లు. మార్స్ గ్లోబల్ సర్వేయర్ నౌకలోని వర్ణపట పరికరం 6 నుంచి 50 మైక్రాన్ల మధ్య వాటిని వెతికి, అంగారకుడి మెరిడియాని మైదానంలో బూడిదరంగు హెమటైట్‌ను గుర్తించింది. 2004 జనవరిలో ఆపర్చునిటీ రోవర్‌ను అక్కడే దింపారు. దాని చక్రాల కింద హెమటైట్ గోళీలు బయటపడ్డాయి.