చెరువు శిఖము - ఇంటి పునాది

2020వ సంవత్సరము అక్టోబరు నెలలో హైదరాబాదును వరదలు ముంచెత్తినప్పుడు పల్లెచెరువు, గుర్రంచెరువుల కట్టలు తెగి, దిగువనున్న కాలనీలు జలమయమైనవి. ప్రాణములు పోయినవి. జీవితకాలపు కష్టార్జితముతో కట్టుకొన్న ఇండ్లు బురదతో నిండినవి. ఆ తరువాత కొన్ని వారములకు ఒక విద్యార్థిని, తడిసి ముడతలు పడిన ధ్రువపత్రములను ఎండబెట్టి తెచ్చి, ఇవి చెల్లునా అని అడిగినది. ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు ప్రేరణ. నీటి సమీపమున ఇల్లు గాని, పాఠశాల గాని కట్టదలచినవారు ఏ అనుమతులు పొందవలెనో మనమందరము తెలిసికొనుట అవసరము.

మన రెవెన్యూ రికార్డులలో చెరువు నీట మునిగెడి భూమిని ‘శిఖము’ అందురు. ఉర్దూ చదివిన విద్యార్థులకు ఈ మాట వెంటనే బోధపడును. ఫారసీలో ‘షికమ్’ అనగా కడుపు. చెరువు కడుపులోని భూమి శిఖము. వానలు లేని యేట అది మైదానమువలె కనిపించవచ్చును. నిండిన యేట అది మరల చెరువే. శిఖము పట్టా కలవారు నీరు తగ్గిన కాలమున సాగు చేసికొనవచ్చును గాని, ఆ పట్టా నిర్మాణమునకు అనుమతి కాదు.

చెరువు నిండి, అలుగు మీదుగా నీరు పొర్లుటకు సిద్ధముగా ఉన్నప్పుడు నీటి అంచు ఎంతవరకు వ్యాపించునో, ఆ రేఖయే పూర్తి నీటిమట్టపు హద్దు. వాడుకలో దీనినే ఎఫ్.టి.ఎల్. అందురు. అలుగు ఎత్తును ప్రమాణముగా గైకొని సర్వే ద్వారా దీనిని గుర్తింతురు. కావున ఈనాడు నీరు కనబడకపోవుట హద్దునకు సాక్ష్యము కాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో వెలువడిన జి.ఓ. 168 భవన నిర్మాణ నియమావళి నదీగర్భమునందును, నాలాలయందును, చెరువుల ఎఫ్.టి.ఎల్. లోపలను నిర్మాణములను నిషేధించినది. అంతటితో ఆగక హద్దు వెలుపల కూడ కొంత స్థలమును విడువవలెనన్నది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు. అంతకంటె చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు. పది మీటర్ల వెడల్పునకు మించిన వాగులకు, నాలాలకు 9 మీటర్లు, అంతకు లోబడిన వానికి 2 మీటర్లు. నదులకు పురపాలక పరిధిలో 50 మీటర్లు, వెలుపల 100 మీటర్లు. దరఖాస్తు చేయునాటికి ఈ దూరములలో సవరణలేమైన వచ్చినవేమో విచారించుకొనవలెను.

ఇక అనుమతి పొందు క్రమము. మొదట సర్వే నంబరును గ్రామ నక్షాతో పోల్చి, స్థలము చుట్టును చెరువు, కుంట, నాలా ఏవి కలవో గమనింపవలెను. హైదరాబాదు మహానగర పరిధిలో హెచ్.ఎం.డి.ఏ. చెరువుల పటములను ప్రకటించినది. ప్రాథమిక ప్రకటన వెలువడినప్పుడే అభ్యంతరములు తెలుపుట మేలు. తుది ప్రకటన తరువాత వాదము కష్టతరము. పిదప దస్తావేజులు, సర్వే నక్షా, స్థల ప్రణాళికలతో స్థానిక సంస్థకు దరఖాస్తు చేయవలెను. స్థలము నీటికి చేరువైనచో, నీటిపారుదల, రెవెన్యూ శాఖల అధికారులు స్థలమును పరిశీలింతురు. రెవెన్యూవారు సర్వే హద్దును, నీటిపారుదలవారు నీటి హద్దును తేల్చుదురు. ఆ పరిశీలనపై లభించు నిరభ్యంతర పత్రము ఉన్నగాని నిర్మాణానుమతి కోరరాదు. నాలాపై దారి కొరకు కల్వర్టు కట్టదలచినను ముందుగా అనుమతి పొందవలెను. ఇరుకైన ఖానా ఒక వీధినంతటిని ముంచగలదు.

రిజిస్ట్రేషను జరిగినది, ఇంటిపన్ను కట్టుచున్నాము, విద్యుత్ మీటరు ఉన్నది అని పలువురు ధీమాగా ఉందురు. ఇవేవియు నిర్మాణానుమతికి బదులు కాజాలవు. 2024లో హైడ్రా సంస్థ ఏర్పడి చెరువు హద్దులలోని పెక్కు కట్టడములను తొలగించినప్పుడు ఈ సత్యము చాలమందికి ఆలస్యముగా తెలిసినది. అమ్మినవాడు డబ్బుతో వెళ్లిపోయినాడు. కొన్నవాడు అప్పుతో మిగిలినాడు.

చిత్తడినేలలకు వేరొక శాసనము కలదు. కేంద్రప్రభుత్వపు 2017 నాటి నియమములు వాని ఆక్రమణను, శాశ్వత నిర్మాణములను నిషేధించినవి. అయితే సాగునీటికై, తాగునీటికై ప్రత్యేకముగా తవ్విన చెరువులు ఈ నియమముల నిర్వచనములోనికి రావు. వానికి రాష్ట్ర నియమములే రక్షణ. కొల్లేరు 1999లో అభయారణ్యముగను, 2002లో రామ్‌సార్ ప్రదేశముగను గుర్తింపు పొందినది. అచట అక్రమముగా వెలసిన చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వమే తెగగొట్టించినది.

కళాశాల పాలకవర్గమునకు ఒక విన్నపము. వసతిగృహమునకో, క్రొత్త భవనమునకో స్థలము చూచునపుడు, ధరను అడుగుటకు ముందు నక్షాను అడుగుడు. విద్యార్థులారా, మీ ఇంటివారు ప్లాటు కొనదలచినచో మీరే గ్రామ నక్షాను చదివి చెప్పుడు. ఉర్దూ, తెలుగు రెండును ఎరిగిన మీకు, పాత రికార్డులలో ‘శిఖము’ అను మాట కనబడిన క్షణముననే అది నీటి భూమియని తెలియును. ఆ ఒక్క మాటను గుర్తించి మీ నాన్నగారితో చెప్పినచో, ఒక కుటుంబపు కష్టార్జితము నిలుచును.