తమ్ముడి వేళ్లు, కప్పపిల్ల తోక

పోయినసారి గోడపత్రికలో నేను పొడుపుకథలు రాశాను. ఈసారి సైన్సు రాస్తున్నాను. కొంచెం పొడుగైంది. నిలబడి చదవాలి కదా, కాళ్లు నొప్పెడితే సగం ఇవాళ, సగం రేపు చదవండి.

వేసవి సెలవుల్లో మాకు తమ్ముడు పుట్టాడు. వాడి ఎడమచేతి నడిమి వేలు, ఉంగరం వేలు చర్మంతో అతుక్కుని ఉన్నాయి. ఊళ్లో అందరూ అమ్మనే అన్నారు. గ్రహణం నాడు మూల కూచోకుండా కొండచీపుర్లు కట్టిందంట, ఆమె చీపురు కట్టబట్టే పిల్లాడి వేళ్లు కట్టుకుపోయాయంట. నాయనమ్మ కూడా అదే మాట. అమ్మ ఏమీ అనలేదు. ఆ రోజు కట్టకపోతే సంతకి చీపుర్లు లేవు, చీపుర్లు అమ్మకపోతే ఇంట్లో ఉప్పూ నూనే లేవు. ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

బడి తెరిచాక బయాలజీ టీచరుగారిని అడిగాను. ఆమె జవాబు చెప్పకుండా నన్నే అడిగారు, "వేళ్లు ఎలా వస్తాయనుకుంటున్నావు?" అని. చెట్టుకి కొమ్మలు వచ్చినట్టు ఒక్కొక్కటీ మొలుస్తాయి అన్నాను. తప్పంట.

తల్లి కడుపులో బిడ్డ చెయ్యి మొదట తెడ్డులాగ ఉంటుంది. వేళ్లు అందులోనే ఉంటాయి కాని, వాటి మధ్య సందులు ఉండవు, అక్కడంతా కణాలే. తర్వాత ఆ మధ్యలో ఉన్న కణాలు చచ్చిపోతాయి. అవి చస్తేనే వేళ్లు విడతాయి. మీ చెయ్యి ఒకసారి చాపి చూసుకోండి. ఆ నాలుగు సందుల్లోనూ ఒకప్పుడు మన కణాలే ఉండేవి.

మరి ఆ కణాలకి చచ్చిపొమ్మని ఎవరు చెప్పారు? కణానికి చెవులు లేవు. కాని దాని పైపొర మీద గ్రాహకాలు అనే ప్రోటీన్లు ఉంటాయి. పక్క కణాలు వదిలిన పదార్థం వచ్చి, తాళంలో తాళంచెవి పడ్డట్టు గ్రాహకంలో పడుతుంది. అప్పుడు లోపల ఒక ప్రోటీను ఇంకోదాన్ని లేపుతుంది, అది మరోదాన్ని. మేడంగారి మాట లీడరుకి, లీడరు నుంచి రూములకి వచ్చినట్టే. చివరికి మాట కేంద్రకానికి చేరుతుంది. (మన రూములకి వచ్చేసరికి మాట మారిపోతుంది, అది వేరే సంగతి.) వేళ్ల మధ్య వచ్చే ఈ మాటలో ముఖ్యమైన పదార్థం పేరు బీఎంపీ.

చచ్చే పని చేసేవి కాస్పేజులు. ఇవి కణంలో ముందునుంచీ ఉంటాయి, కాని నిద్రపోతూ ఉంటాయి. లేచాయంటే కత్తెరల్లాగ లోపలి ప్రోటీన్లని కోసేస్తాయి. కణం ముడుచుకుని చిన్న చిన్న మూటలుగా విడిపోతుంది. ఆ మూటల్ని వేరే కణాలు మింగేస్తాయి. నిప్పు మీద పడ్డప్పుడు చచ్చే కణం అలా కాదు, అది పగిలి లోపలిదంతా బయట పోస్తుంది, అందుకే అక్కడ వాపు వస్తుంది. వేళ్ల మధ్య వాపు లేదు, చీము లేదు. 1972లో కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు ఈ చావుకి అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో ఆకులు రాలడం అని అర్థం. ఇప్పచెట్టు ఆకు రాల్చి పువ్వు పూస్తుంది. ఆకు రాల్చిన చెట్టు వేరు, ఎండిపోయిన చెట్టు వేరు అని మన ఊళ్లవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

బాతు కాలి వేళ్ల మధ్య కూడా బీఎంపీ వస్తుంది. కాని అక్కడ గ్రెమ్లిన్ అనే ప్రోటీను దాన్ని పట్టుకుని గ్రాహకం దాకా పోనివ్వదు. అందుకే ఆ చర్మం మిగిలిపోతుంది, బాతు ఈదుతుంది.

వానాకాలంలో మన హాస్టలు వెనక గుంటలో కప్పపిల్లలు చూశారు కదా. కాళ్లు వచ్చాక తోక ఊడి పడిపోతుందనుకుని నేను ఊడిన తోకల కోసం నీళ్లలో వెతికాను. ఒక్కటీ దొరకలేదు. తోక ఊడదు, దాని కణాలు చచ్చి అది లోపలికే ఇంకిపోతుంది. ఆ మాట చెప్పేది మెడ దగ్గర థైరాయిడ్ గ్రంథి వదిలే హార్మోను. 1912లో గుడెర్నాచ్ అనే ఆయన గుర్రం థైరాయిడ్ గ్రంథిని కప్పపిల్లలకి మేపితే అవి చిన్నగా ఉండగానే కప్పలైపోయాయి. నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇది: హార్మోను ఒక్కటే. కాళ్ల దగ్గర కణాలు అది విని పెరుగుతాయి, తోక కణాలు అదే విని చచ్చిపోతాయి. మాట ఒక్కటే, వినే కణాన్ని బట్టి పని మారుతుంది.

ఒక మిల్లీమీటరు పొడుగుండే పురుగు ఒకటుంది. అది పెరిగేటప్పుడు దాని ఒంట్లో 1,090 కణాలు పుడితే సరిగ్గా 131 చస్తాయి, 959 మిగులుతాయి. లెక్క ఎప్పుడూ తప్పదు. ఆ పురుగు మీద పని చేసిన బ్రెన్నర్, హార్విట్జ్, సల్‌స్టన్ గార్లకి 2002లో నోబెల్ బహుమతి వచ్చింది. పెద్దయ్యాక మన ఒంట్లోనూ ఇది ఆగదు. పేగు లోపలి పొర కొద్ది రోజులకే కొత్తదవుతుంది. డీఎన్ఏ బాగా చెడిపోయిన కణాన్ని చచ్చిపొమ్మనే పీ53 అనే ప్రోటీను ఉంది. అది పాడైతే చెడిన కణం చావకుండా పెరుగుతూ పోవచ్చు. చాలా క్యాన్సర్లలో పీ53 పాడై ఉంటుందంట.

ఇప్పుడు తమ్ముడి దగ్గరికి వస్తాను. వేళ్లు విడే పని కడుపులో రెండో నెల ఆఖరికే అయిపోతుంది. దసరా సెలవుల్లో ఇంటికి పోయి నేల మీద బొగ్గుతో నెలలు గీసి నాయనమ్మకి చూపించాను. గ్రహణం వచ్చింది అమ్మకి ఏడో నెలలో. అప్పటికి వాడి వేళ్లు అతుక్కుని అయిదు నెలలైంది. అమ్మ చీపురు కడితే అతుక్కునేది ఏముంది?

నాయనమ్మ చాలాసేపు ఆ గీతలకేసి చూసింది. ఇది కొన్ని ఇళ్లలో జన్యువుల వెంట కూడా వస్తుందని టీచరుగారు చెప్పారని అన్నాను. అప్పుడు మెల్లగా అంది, "మీ తాతకి కాలివేళ్లు రెండు కలిసే ఉండేవే." అమ్మ గుమ్మంలో కూచుని చీపురు పుల్లలు ఏరుతోంది. తల ఎత్తలేదు కాని విన్నది.

తమ్ముడికి ఏడాది దాటాక తీసుకురమ్మని, ఆపరేషన్ చేసి విడదీస్తామని డాక్టరుగారు చెప్పారు. ఇప్పుడు వాడు ఆ చేత్తోనే నా జడ పట్టుకుని లాగుతున్నాడు.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని