శరత్కాల, శీతకాలములలో వృద్ధుల స్వల్పయాత్రలు

భారతదేశములో అధికభాగమున ఆశ్వయుజ మాసము నాటికి వానలు వెనుకబట్టును. ఎండ తీక్షణత తగ్గును. దసరా, దీపావళి, కార్తికమాసపు పుణ్యదినములు, సంక్రాంతి ఒకదాని వెంట ఒకటి వచ్చును. కనుక ఆశ్వయుజము మొదలు మాఘము వరకు గల కాలము యాత్రలకు అనువైనదని మన పెద్దలు ఏనాటినుండియో ఎంచుచున్నారు. ఉద్యోగములు చేయు కుమారులు, కుమార్తెలు శని, ఆదివారముల సెలవులలో తల్లిదండ్రులను వెంటబెట్టుకొని రెండు మూడు దినముల స్వల్పయాత్రలకు బయలుదేరుట ఇప్పుడు సాధారణమైనది.

ఈ విషయమున కుటుంబములలో రెండు విధములైన పొరపాట్లు జరుగుచుండును. కొందరు, "ఈ వయసులో ప్రయాణము లెందుకు?" అని పెద్దలను ఇంటనే కూర్చుండబెట్టుదురు. నడక తగ్గి, నలుగురితో మాటలు తగ్గి, వారి శరీరమును మనస్సును కూడ కృశించును. మరికొందరు తాము చూడగోరిన నాలుగైదు స్థలములను రెండు దినములలో ఇమిడ్చి, ఆ వేగముతోనే పెద్దలును నడువవలెనని తలంతురు. వృద్ధాప్యమున యాత్ర చెడుట ఎక్కువగా ఈ తొందర వలననే. నిద్రకు, భోజనమునకు, మందునకు, విశ్రాంతికి వేళ మిగిల్చిన యాత్ర డెబ్బది యేండ్లు దాటినవారికి సైతము మేలు చేయగలదు.

వృద్ధుల శరీరముపై చలి ప్రభావము

చలి తగిలినప్పుడు చర్మమునందలి సన్నని రక్తనాళములు ముడుచుకొనును. శరీరపు వేడి బయటికి పోకుండుటకు ప్రకృతి చేసిన ఏర్పాటిది. కాని నాళములు ఇరుకైనప్పుడు రక్తపుపోటు పెరుగును; గుండె అధికముగా శ్రమింపవలసి వచ్చును. యువకులు ఈ భారమును గుర్తింపకయే మోయుదురు. రక్తనాళములు గట్టిపడిన వృద్ధులకు అది కష్టము. నిద్ర లేచిన తరువాతి గంటలలో రక్తపుపోటు సహజముగానే పెరుగుచుండును. దానికి చలి కూడ తోడగుటచే శీతకాలపు ఉదయములు గుండెజబ్బు, రక్తపుపోటు గలవారికి జాగ్రత్తపడవలసిన వేళలు.

వయసు మీరినకొలది చర్మము క్రింది కొవ్వు పలుచబడును. వణకు ఆలస్యముగాను, తక్కువగాను వచ్చును. అందుచే తాము చలికి లోనగుచున్న సంగతి పెద్దలకు వెంటనే తెలియకపోవచ్చును. దాహము సంగతియు అట్టిదే. శరీరమునకు నీరు అవసరమైనను వృద్ధులకు దప్పిక తోచదు. దీనికి తోడు, దారిలో మరుగుదొడ్డి దొరకదేమో యను భయముతో అనేకులు, ముఖ్యముగా స్త్రీలు, నీరు త్రాగుట మానుదురు. ఫలితముగా కళ్లు తిరుగుట, మలబద్ధము, మూత్రకోశ వ్యాధులు కలుగును. నీరు మానుట కంటె, ప్రతి రెండు గంటలకు ఒకచోట ఆగునట్లు ప్రయాణమును ఏర్పాటు చేసికొనుట మంచిది.

స్థలమును ఎన్నుకొనుట

సముద్రమట్టమునుండి ఎత్తునకు పోయినకొలది ప్రతి 1000 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గును. ఉదకమండలము సుమారు 2240 మీటర్ల ఎత్తునను, సిమ్లా సుమారు 2200 మీటర్ల ఎత్తునను కలవు. చెన్నైలో ఉదయము బయలుదేరి రాత్రికి ఉదకమండలము చేరిన వృద్ధుడు ఒక్క దినములోనే పది డిగ్రీలకు మించిన తేడాను తట్టుకొనవలసి యుండును. ఉన్ని దుస్తులు పెట్టె అడుగున గాక చేతిసంచిలో ఉండవలెను.

2500 మీటర్లు దాటినచో ప్రాణవాయువు చాలకపోవుటచే తలనొప్పి, వాంతులు, ఆయాసము కలుగవచ్చును. లేహ్ సుమారు 3500 మీటర్ల ఎత్తున కలదు. విమానములో అచ్చట దిగినవారు కనీసము రెండు దినములు విశ్రాంతి తీసికొనవలెను. సిక్కిములోని నాథూలా కనుమ 4300 మీటర్ల ఎత్తు. రెండు దినముల సెలవులో ఇట్టి స్థలములకు పోయివచ్చుట వృద్ధులకు తగదు. సుమారు 900 మీటర్ల ఎత్తునగల అరకులోయ వంటివి వారికి అనుకూలములు. అచ్చటను రాత్రులు మిక్కిలి చల్లగా నుండును.

ఉత్తర భారత మైదానములలో నవంబరు మొదలు జనవరి వరకు పొగయు, ధూళియు నేలను అంటిపెట్టుకొని యుండును. డిసెంబరు, జనవరులలో దట్టమైన పొగమంచు వలన రైళ్లు, విమానములు గంటల తరబడి ఆలస్యమగును. ఉబ్బసము, ఊపిరితిత్తుల వ్యాధులు గలవారు ఢిల్లీ, ఆగ్రా, వారణాసి చూడదలచినచో ఫిబ్రవరి చివర వరకు వేచియుండుట మేలు. తమిళనాడులోను, ఆంధ్రదేశపు దక్షిణ తీరమునను అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వానలు కురియును. తుఫానులు పుట్టు కాలమును అదియే. మహాబలిపురము, రామేశ్వరము, కన్యాకుమారి దర్శింపగోరువారికి జనవరి, ఫిబ్రవరి మాసములు అనువైనవి.

మెట్ల సంగతి ముందుగా విచారింపవలెను. అలిపిరి నుండి తిరుమలకు సుమారు 3550 మెట్లు కలవు. గుండెజబ్బు, మోకాళ్ల నొప్పి గలవారు బస్సులో కొండకు చేరుటయే ఉచితము.

ఒక ఉదాహరణము

విశాఖపట్టణమునగల ఒక కుటుంబము తల్లిదండ్రులతో ఒడిశాలోని చిలికా సరస్సు చూడదలచినదనుకొందము. చిలికా మన దేశములో మిక్కిలి పెద్దదైన ఉప్పునీటి కయ్య. చిత్తడినేలల సంరక్షణకై ఏర్పడిన రామ్సార్ ఒడంబడిక జాబితాలో 1981లో చేరినది. శీతకాలమున దూరదేశములనుండి లక్షలాది పక్షులు ఇచ్చటికి వచ్చును.

తొందరగల కుటుంబము శుక్రవారము రాత్రి కారులో బయలుదేరును. శనివారము తెల్లవారకముందే పడవ ఎక్కును. మధ్యాహ్నము కోణార్కము, రాత్రికి పూరీ. ఆదివారము వేకువనే దేవాలయమున వరుసలో నిలిచి, సాయంకాలము తిరుగు ప్రయాణము. ఈ మధ్య పెద్దలు నిద్రించినది ఒక్క రాత్రియే. భోజనము వేళ తప్పును. మందులు ఎక్కడో పెట్టెలో నుండును.

అదే సెలవును మరియొక విధముగా గడుపవచ్చును. శనివారము ఉదయము ఇంటిలో ఫలహారము చేసి, మందు వేసికొని, పగటి రైలులో సరస్సు ఒడ్డుననే యున్న బాలుగావ్ స్టేషనునకు పోవచ్చును. దగ్గరనున్న బర్కుల్‌లో బస చేసి, భోజనానంతరము విశ్రమించి, సూర్యాస్తమయమునకు ముందు ఒడ్డున మెల్లగా నడువవచ్చును. ఆదివారము ఎండ వచ్చిన తరువాత, చెవులకు మఫ్లరు చుట్టుకొని, శాలువ కప్పుకొని, ప్రాణరక్షక కోటు తొడిగికొని పడవలో కాళీజాయి ద్వీపమునకు పోయి అమ్మవారిని దర్శించి రావచ్చును. మధ్యాహ్న భోజనము పిదప రైలెక్కి రాత్రికి ఇల్లు చేరవచ్చును. పూరీ, కోణార్కములు మరియొక సెలవునకు మిగులును. ఏ ఊరి యాత్రకైనను సూత్రము ఇదియే: ఒక సెలవునకు ఒక స్థలము, ఒక పూటకు ఒక పని.

బస్సులోగాని, కారులోగాని నాలుగు గంటలకు మించి కదలక కూర్చున్నచో కాళ్లలో రక్తము గడ్డకట్టు ప్రమాదము పెరుగును. గంట రెండు గంటల కొకసారి లేచి నాలుగడుగులు వేయవలెను. కూర్చున్నప్పుడు పాదములను పైకి క్రిందికి ఆడించుచుండవలెను. ఒక కాలు మాత్రమే వాచి నొప్పిపెట్టినచో వైద్యునకు చూపుట అవసరము.

మందులు, ఆహారము, ఉపవాసము

యాత్రకు కావలసిన మందులకు అదనముగా నాలుగైదు దినములకు సరిపడునవి తీసికొనిపోవలెను. వైద్యుడు వ్రాసియిచ్చిన చీటీ నకలు పెద్దలవద్ద నొకటి, తోడు వచ్చినవారివద్ద నొకటి ఉండవలెను. ఇన్సులిన్ గడ్డకట్టినచో పనికిరాదు. కనుక దానిని మంచుగడ్డలకు తగులునట్లు ఉంచరాదు. విమానములో చేతిసంచియందే ఉంచుకొనవలెను. మూత్రము ఎక్కువగా వెడలించు మాత్రలను ప్రయాణపు దినమున కొందరు మానుదురు. గుండె నీరసించినవారికి ఇది అపాయకరము. మాత్ర వేయు వేళను మార్చవచ్చునా యని వైద్యుని ముందుగా అడుగవలెను. శీతకాలపు ఫ్లూ జ్వరమునకు టీకా గుణమిచ్చుటకు సుమారు రెండు వారములు పట్టును. కనుక బయలుదేరు ముందు దినమున గాక, ముందుగానే ఆ విషయమును వైద్యునితో ఆలోచింపవలెను.

కార్తిక సోమవారములలో నక్షత్రదర్శనము వరకు ఉపవసించు ఆచారము అనేక కుటుంబములలో కలదు. ఇన్సులిన్‌గాని, చక్కెరను తగ్గించు మాత్రలుగాని వాడు మధుమేహ రోగి ఆహారము మాని మందు మాత్రము పుచ్చుకొన్నచో రక్తములో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చును. ఆకస్మికముగా చెమటలు, వణకు, తడబాటు, పొంతనలేని మాటలు దీని చిహ్నములు. స్పృహలో నున్నచో వెంటనే మూడు చెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగింపవలెను. పదునైదు నిమిషములలో తేరుకొననిచో మరల ఇయ్యవలెను. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయరాదు. తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను. ఇట్టివారు పాలు, పండ్లు, అల్పాహారముతో వ్రతము జరుపుకొనుటకు వైద్యుని సలహా తీసికొనుట శ్రేయస్కరము.

నదీస్నానము

వేకువజామున చన్నీట మునుగుట వలన రక్తపుపోటు ఒక్కసారిగా పెరుగును. గుండె లయ తప్పవచ్చును. గుండెజబ్బు, రక్తపుపోటు గలవారు బసలో గోరువెచ్చని నీట స్నానము చేసి, పొద్దెక్కిన తరువాత నదికి పోయి తలపై నీరు చల్లుకొనుట క్షేమము. నదిలో దిగదలచినవారు మొదట పాదములు, చేతులు తడుపుకొని, మోకాటి లోతు దాటక, ఒకరి చేయి పట్టుకొని దిగవలెను. బయటికి రాగానే తడిబట్టలు విడిచి పొడిబట్టలు కట్టుకొనవలెను.

బసలో జాగ్రత్తలు

కొండప్రదేశములలో చలి కాచుకొనుటకు గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూసికొందురు. మండు బొగ్గులనుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి వాసనలేదు, రంగులేదు. తలనొప్పి, వికారము, మగత కలిగి, నిద్రలోనే ప్రాణములు పోవచ్చును. నిద్రించు గదిలో కుంపటి ఎన్నడును ఉంచరాదు. గాలి చొరని స్నానపుగదిలోని గ్యాసు గీజరు వలనను ఇదే అపాయము కలదు. మరియొక కంబళి అడిగి తీసికొనుట మేలు.

క్రొత్త చోట రాత్రివేళ పడిపోవుట వృద్ధులకు పెద్ద ముప్పు. తుంటియెముక విరిగినచో నెలల తరబడి మంచము పట్టవలసి వచ్చును. బసలో క్రింది అంతస్తు గది కోరవలెను. పగటివేళనే స్నానపుగది గడప, మెట్టు, దీపపు మీట ఎక్కడ నున్నవో చూచుకొనవలెను. తలగడ ప్రక్కన టార్చిలైటు, చేతికర్ర ఉంచుకొనవలెను. నిద్రనుండి లేచినప్పుడు మంచము అంచున ఒక నిమిషము కూర్చుండి, పిదప నిలువబడవలెను. మేజోళ్లతో నున్నని నేలపై నడువరాదు.

ఆపద చిహ్నములు

ఛాతీలో బిగువు, దవడకుగాని ఎడమచేతికిగాని ప్రాకు నొప్పి, ఆయాసము, చల్లని చెమట గుండెపోటునకు చిహ్నములు. వృద్ధులలోను, మధుమేహ రోగులలోను నొప్పి లేకయే ఆయాసము, నీరసము మాత్రమే కనబడవచ్చును. ముఖము ఒకవైపు వంకరపోవుట, ఒక చేయి పట్టు తప్పుట, మాట తడబడుట పక్షవాతపు లక్షణములు. వీనిలో ఏది కనబడినను, "ఇంటికి పోయి చూపింతము" అని ఆగరాదు. పక్షవాతములో రక్తపుగడ్డను కరగించు మందు సాధారణముగా మొదటి నాలుగున్నర గంటలలోనే ఇయ్యవలసి యుండును. లక్షణము మొదలైన వేళను గుర్తుంచుకొని వైద్యునకు తెలుపవలెను.

అత్యవసర సహాయమునకు దేశమంతటను 112, అనేక రాష్ట్రములలో అంబులెన్సుకై 108 సంఖ్యలు పనిచేయును. వృద్ధులకు సలహా, సహాయములకై 14567 అను సంఖ్య కలదు. 70 ఏండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద వైద్యసౌకర్యము 2024 అక్టోబరునుండి కల్పింపబడినది. ఆ కార్డు గలవారు దానిని యాత్రలో వెంట ఉంచుకొనవలెను. చేరబోవు ఊరిలో ఆసుపత్రి ఎక్కడ నున్నదో బయలుదేరక ముందే తెలిసికొనుట ఉత్తమము.

బయలుదేరు ముందు ఇంటివారు పెద్దలనే అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: "మీరు చూడగోరునది ఏది?" వారు కోరినది బాల్యమున చదువుకొన్న ఊరు కావచ్చును, ఒక నదీతీరము కావచ్చును, దూరమున నున్న తోబుట్టువు ఇల్లు కావచ్చును. ఆ యొక్కదానిని ప్రధానముగా నుంచుకొని, మిగిలిన కార్యక్రమమును వారి నడకకు తగినట్లు ఏర్పరచినచో, ఆ యాత్ర వారికి సంతోషమును, ఆరోగ్యమును రెండింటిని చేకూర్చును.