వార్తల్లో పదం: ఆటోక్లేవ్

ఆసుపత్రి కత్తెరలు, ఫోర్సెప్స్ వంటి పరికరాలను మళ్లీ వాడేందుకు ఒత్తిడితో కూడిన ఆవిరితో సూక్ష్మజీవిరహితం చేసే యంత్రం ఆటోక్లేవ్. ఫ్రాన్స్‌కు చెందిన చార్లెస్ చాంబర్లాండ్ 1879లో దీన్ని రూపొందించాడు. సూత్రం ప్రెషర్ కుక్కర్‌దే. 15 పౌండ్ల ఒత్తిడిలో ఆవిరి 121 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. మరిగే నీటికి లొంగని బ్యాక్టీరియా సిద్ధబీజాలూ (స్పోర్లు) అందులో చస్తాయి.

అసలు పని అంతకుముందే మొదలవుతుంది. కత్తెర కీలులో ఎండిన నెత్తురు ఉంటే ఆవిరి లోపలికి చేరదు. కొడకండ్ల లాంటి మండల కేంద్రంలో కాన్పు చేసినా, హైదరాబాద్‌లో గుండె కోసినా ముందు బ్రష్‌తో కడగాల్సిందే. ప్యాకెట్‌కు అంటించిన టేపుపై గీతలు నల్లబడితే వేడి తగిలినట్టే, అన్ని క్రిములూ చచ్చినట్టు కాదు. అది తేల్చేది సిద్ధబీజాలతో చేసే పరీక్ష.

వేడికి తట్టుకోని, కడుపు లోపలికి చూసే లాపరోస్కోప్‌లను గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంలో నానబెడతారు. 2 శాతం ద్రావణంలో 20 నిమిషాలకు చాలా క్రిములు పోతాయి. సిద్ధబీజాలకు 10 గంటలు కావాలి. మహిళలను క్యూ కట్టించే కుటుంబ నియంత్రణ శిబిరాల్లో అంత వ్యవధి దొరకదు. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో అలాంటి శిబిరంలోనే 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేయగా, ఆ తర్వాత నలుగురు మరణించారు. ఇన్ఫెక్షన్ నియంత్రణలో లోపాలున్నట్టు విచారణలో బయటపడింది.