గొప్ప జట్టును కొలుచుట యెట్లు?

ఏదేని యొక ఫుట్‌బాలు జట్టు ఏండ్ల తరబడి గెలుచుచుండినచో దానిని గూర్చి వివాదము పుట్టక మానదు. "ఇట్టి జట్టు మున్నెన్నడును లేదు" అని కొందఱందురు. "వారికి తగిన పోటీ యెక్కడ?" అని మఱికొందఱందురు. జట్టు గొప్పదా, దానిని తీర్చిన శిక్షకుడు గొప్పవాడా యనునది వేఱొక చిక్కు. హైదరాబాదు నగర పోలీసు జట్టును, దాని శిక్షకుడగు సయ్యద్ అబ్దుల్ రహీమును దృష్టాంతముగా గైకొని యీ విషయమును విచారింప దలచితిని.

మొదటి కొలమానము విజయముల లెక్క. పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదు పర్యాయములు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. 1950లోనే డ్యూరాండ్ కప్పు తుదిపోటీలో కలకత్తా మోహన్ బగాను జట్టును ఓడించినది. ఒక్క యేటి గెలుపునకు అదృష్టము చాలును. అయిదేండ్ల గెలుపునకు చాలదు. ఆటగాండ్రకు దెబ్బలు తగులును, వయస్సు మీఱును, ప్రత్యర్థులు మన యెత్తులు నేర్తురు. వీనినెల్ల దాటినవారిని కేవలము అదృష్టవంతులనుట న్యాయము గాదు.

అయినను లెక్క యొక్కటియే చాలదు. ఎదుటివారి బలము నెంచవలెను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో రహీము శిక్షణలో భారత జట్టు నాలుగవ స్థానము నందినది. అది మనకు గర్వకారణమే. కాని యా పోటీలో పాల్గొన్నవి పదునొకండు జట్లు మాత్రమే. హంగరీ తప్పుకొనుటచే మొదటి యాట మనకు ఆడకయే దక్కినది. ఆస్ట్రేలియాను 4–2 గోలులతో గెలిచితిమి. పిమ్మట యుగోస్లావియా చేతిలో 1–4, బల్గేరియా చేతిలో 0–3 గోలులతో ఓడితిమి. అభిమానులు ఆస్ట్రేలియాపై గెలుపును మాత్రమే చెప్పుదురు. విమర్శకులు తక్కినవానినే చెప్పుదురు. న్యాయమూర్తి స్థానమున గూర్చుండువాడు రెండును వినవలెను.

మూడవ కొలమానము ఓటమి. ఇది గెలుపుకంటెను నమ్మదగినదని నా యభిప్రాయము. 1952 హెల్సింకీ క్రీడలలో యుగోస్లావియా మనలను 10–1 గోలులతో చిత్తు చేసినది. మన ఆటగాండ్రు పెక్కురు వట్టి కాళ్లతోనే యాడిరి. నాడును శిక్షకుడు రహీమే. ఆ ఓటమికి చలిని, వానను నిందించి యూరకుండవచ్చును. కాని యటుపిమ్మట మనవారు బూట్లు తొడిగిరి. హంగరీ జట్టు ఆడు పద్ధతిని రహీము శ్రద్ధతో పరిశీలించి, నడిమి ముందాటగానిని వెనుకకు దింపి యాడించు విధానమును మనవారికి నేర్పెను. నాలుగేండ్ల పిదప అదే యుగోస్లావియాతో మరల ఓడినను, పది గోలులు నాలుగైనవి. ఒక్క గెలుపు లేకున్నను ఇందు శిక్షకుని కృషి స్పష్టము.

నాలుగవది, శిక్షకుని పాలును జట్టు పాలును వేఱు పఱచుట. నూర్ మహమ్మదు, అజీజుద్దీను వంటి సమర్థులు లేనిదే యే శిక్షకుడును గెలువలేడు. కావున అతడు మఱియొక చోట, మఱి కొందఱు ఆటగాండ్రతో నేమి చేసెనో చూడవలెను. రహీము వృత్తిచే ఉపాధ్యాయుడు. ఆటగాండ్రు బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెనను నియమముతో పోటీలు పెట్టి, రెండు కాళ్లకును సమానముగా సాధన చేయించెను. పోలీసు జట్టులోనే కాక, 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడలలో భారత జట్టునకును బంగారు పతకములు తెచ్చెను.

జకార్తా విషయము కొంత వివరింపదగినది. మొదటి యాటలో దక్షిణ కొరియా మనలను 2–0 గోలులతో ఓడించినది. రక్షకుడగు జర్నైల్ సింగునకు తలపై గాయమైనది. రహీమతనిని కూర్చుండ బెట్టక ముందాటగానిగా నిలిపెను. తుదిపోటీలో లక్షమంది ప్రేక్షకులు మనకు ప్రతికూలముగా కేకలు వేయుచుండగా, అదే కొరియాపై పి. కె. బెనర్జీ యొక గోలు, ఆ జర్నైల్ సింగే మఱియొక గోలు చేసిరి. 2–1తో గెలిచితిమి. శిక్షకుని బుద్ధిబలమునకు ఇంతకంటె నిదర్శనము వలయునా? అప్పటికే రహీమును క్యాన్సరు వ్యాధి పట్టి పీడించుచుండెను. 1963 జూన్ 11న అతడు మరణించెను.

కడపటి కొలమానము, అతని తరువాత నేమి మిగిలినదనునది. ఆ యేడు మొదలు నేటివఱకు ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాలు జట్టునకు బంగారు పతకము రాలేదు. 1970లో వచ్చిన కాంస్యమే మిక్కిలి. ఇది రహీము గొప్పతనమునకు ఋజువని పెక్కురందురు. నేనును అందును. కాని యందు మన లోపమునకును ఋజువు గలదు. ఒక్కని తలలోనున్న విద్యను పదిమంది తలలలోనికి చేర్చు నేర్పాటు మనము చేసికొనలేదు. మంచి గురువు పోయిన పిదప బడి మూతపడినచో ఆ తప్పు గురువుదా, ఊరిదా? 2024లో అతని జీవితమును గూర్చి "మైదాన్" అను చలనచిత్రము వచ్చువఱకు అతని పేరు విననివారు హైదరాబాదులోనే యెందఱో యుండిరి.

కావున, శ్రోతలారా, ఇకమీద నొక జట్టును గొప్పదని మీరు పొగడునపుడు, అది యెన్ని కప్పులు తెచ్చినదని మాత్రమే యడుగకుడు. ఎవరిని గెలిచినది, ఓడినపుడు ఏమి నేర్చినది, తన వెనుక నెవరిని తయారు చేసినది యని కూడ అడుగుడు. ఈ ప్రశ్నలకు నిలిచిన జట్టును పొగడుటకు సంకోచింప నక్కఱలేదు.